స్క్రూడ్రైవర్ ఎవలి కాడున్నది?

ముందుగాల మా ఎల్లబండ గూడెంల
సిగ్నలంటే గుట్ట మీది నల్లబండ.
రేషన్ మిషిన్ సంకకెత్తుకొని డీలర్ ముందు నడిస్తే
బొటనవేళ్లు మోసుకొని మేం ఎనక నడిచేది.

ఇర్ప బుచ్చమ్మ వేలు ఎన్నిసార్లు పెట్టినా తప్పే.
నలభై ఎండకాలాలు తునికాకు కట్టలు గట్టి గట్టి
గీతలన్నీ ఆకుకే అంటిచ్చిందామె.
సగం తప్పు వేలుది,
సగం తప్పు తెర మీద తిరుగుడు ఆపని ఆ సున్నది.
మల్ల పెట్టేది. మల్ల పెట్టేది.
ఆఖరికి ఉత్త సంచితోని గుట్ట దిగేది,
మోకాళ్లను తిట్టుకుంట, మిషిన్ను గాదు.

మొదటి డబ్బా మూడేండ్ల కింద ఒచ్చింది.
జీపుల నలుగురు, రిబ్బనొకటి, కత్తెరొకటి.
ఫొటోల నేనున్న, ఎడమదిక్కు, కండ్లు మూసుకొని.
బ్యాటరీ ఎనిమిది నెలలు బతికింది.
తర్వాత దాని పలకల మీద ఎవలో మిరపకాయలెండబోసిన్రు.
డబ్బా మీది నంబరుకు ఫోన్ జేద్దామంటే
గుట్టెక్కాలె.

రెండోసారి ఒచ్చినోళ్లను కూసోబెట్టి అడిగినం:
పాడైతే ఎవలు?
వాళ్లు స్పీడు చెప్పిన్రు.
పాడైతే ఎవలు?
వాళ్లు స్కీము పేరు చెప్పిన్రు.
"మా బోరింగుకు గూడ మంచి పేరే ఉండె"
అన్నది కొర్స ముత్తక్క, లేచి నిలబడి.

ఆ రాత్రే పద్దు తెరిచినం. ఇంటికి ఇరవై.
నీళ్ల పైపుకు తీసిన కాల్వలనే తీగె పరిసినం,
మల్ల తవ్వుడు కూలి మిగిలింది.
ముత్తక్క బిడ్డ సుజన
ఐటీఐ సగంల ఇడిసి, నిచ్చెన పట్టింది.

పద్దు నేను రాస్త. ఇట్లుంటది:
కోతి కొరికిన కేబుల్, మూడు మీటర్లు, నూట ఎనభై.
పిడుగు. రౌటర్. రెండు వేల నాలుగు వందలు, అప్పు.
పసిపిల్లకు పసరికలు, నర్సమ్మ డాక్టరుకు వీడియోల సూపిచ్చింది,
పైసలు తీస్కోలే.
జాతర నాలుగు రోజులు: ఎవలకూ అందలే. తిట్లు. లెక్క లేదు.

పోయిన చలికాలం హన్మకొండకు ట్రైనింగుకొచ్చి
మలావి దేశపామె ఒకతి మా గూడెం దాకా ఒచ్చింది.
పేరు చిసోమో.
ఏ ఆఫీసరొచ్చినా
సినిమా ఎంతసేపట్ల దిగుతదని అడుగుతడు.
ఆమె డబ్బా సుట్టు తిరిగింది,
స్తంభం అడుగున మట్టి గోటితోని గీకింది,
సారుతోని ఒక్కటే అడిగిచ్చింది:
స్క్రూడ్రైవర్ ఎవలి కాడున్నది?

సుజన చున్నీ కొసకు కట్టుకున్నది ఇప్పింది.
ఆమె సంచిలకెల్లి తనది తీసింది,
పిడి ఇరిగి, రాగి తీగె సుట్టి.
అప్పటిసంది తర్జుమా సారు చాయ్ తాగుకుంటనే ఉన్నడు,
ఎవలూ పిలువలే.

వాళ్లకాడ కోతులు గాదు,
పుట్ట దిక్కు ఏలు సూపిచ్చింది,
స్తంభాన్ని కిందికెల్లి పైకి తిన్నట్టు పండ్లు కొరికింది.
చిస్వే, అన్నది.
చెదలు, అన్నం.
చిస్వే. చెదలు.
రెండూ నాలికె మీద ఒక్క తీర్గనే పాకినయి.

తన ఊరి పద్దు ఫోన్ల సూపిచ్చింది.
అచ్చరాలు రాలే గని అంకెలు తెలిసినయి.
ఇయ్యనోళ్ల పేర్ల కింద ఆమె గూడ
గీత గట్టిగనే గీస్తదని తెలిసింది.

ఈ వానకాలం జంపన్న వాగు పొంగి తీగె తెంపుకపోయింది.
పదకొండు రోజులు.
బుచ్చమ్మ కాళ్లు అడగకుంటనే నల్లబండ దిక్కు మళ్లినయి.
వాగు దిగినంక ములుగుకెల్లి అతికే మిషిన్ కిరాయికి తెచ్చినం,
దినానికి తొమ్మిది వందలు.
సుజన మోకాలు లోతు బురదల నిలబడి,
ఎంటికెకన్న సన్నని అద్దం పోగును
ఊపిరి బిగబట్టి అతికిచ్చింది.

ఈ నెల ఇరవై ఇయ్యనోళ్లు ఏడిండ్లు.
పేర్లు రాసిన. కింద గీతలు గీసిన.
ఏడో పేరు
నాదే.